యంత్రము నాకిచ్చిన తల్లి

సోదరీమణులారా!

క్రిందటి సంచికలో నా పుట కనఁబడలేదని కొందఱు సోదరీమణులు సంపాదకులకు ఉత్తరములు వ్రాసిరఁట. నా యారోగ్యమును గూర్చి విచారించిన వారి కందఱకును నా కృతజ్ఞతలు. జ్వరము వచ్చిన మాట నిజమే కాని, పుట రాకుండుటకు జ్వర మొక్కటే కారణము గాదు. వ్రాసిన పుట సిద్ధముగానే యుండెను; దానిని నేనే పంపలేదు. ఎందుచేతఁ బంపలేదో చెప్పుటకే యీ మాసపు పుటను వినియోగించుచున్నాను. సంగతి కొంత సిగ్గుపడవలసినదే. అయినను ఇన్ని యేండ్లుగా మా యింటి ముచ్చట లన్నియు మీతోఁ జెప్పుకొనుచు వచ్చి, ఇది యొక్కటి దాఁచుట నాకు బాగుగాఁ దోఁచలేదు.

ఆషాఢమాసపు చివర నాకు జ్వరము తగిలెను. పది దినములు మంచము దిగవలదని వైద్యుఁడు చెప్పెను. సంపాదకుల యొద్దనుండి రెండుమాఱులు ఫోను వచ్చినది. వర్షకాలమున పప్పులును బియ్యమును పురుగు పట్టకుండ నిలువచేసికొనుటను గూర్చి వ్రాసెదనని నేను ముందే మాట యిచ్చియుంటిని. మా పెద్దమ్మాయి కొడుకు హైదరాబాదున ఇంజనీరింగు చదువుచున్నాఁడు, సెలవులకు వచ్చియుండెను. వాఁడు నా మంచము ప్రక్కఁ గూరుచుండి, "అమ్మమ్మా, నీవేల శ్రమపడెదవు? నీ ప్రాత పుటలు పది నాకిమ్ము, నేను వ్రాయించి పెట్టెదను" అనెను. ఎవరిచే వ్రాయించెదవురా యని యడిగితిని. వాఁడు నవ్వి చేతిలోని ఫోనును జూపెను.

కృత్రిమమేధ యని పత్రికలలోఁ జదువుచున్నాము గదా, అదియే. 2022వ సంవత్సరము నవంబరు చివర అమెరికాలోని యొక సంస్థవారు మాటలాడు యంత్రమును సామాన్యజనులకుఁ దెఱచి యిచ్చినప్పటినుండి, అట్టివి మఱికొన్ని కూడ వచ్చి, నేఁడు చాల యిండ్లలోఁ బిల్లల చేతులలో నున్నవి. మా కోడలు ఆసుపత్రివారి యాంగ్లపు కాగితములను దానిచేఁ దెనిఁగింపించుకొని చదువును. ప్రక్కయింటి యమ్మాయి దానిని గుచ్చి గుచ్చి యడిగి లెక్కలు నేర్చుకొనుచున్నది. కావున యంత్రమనఁగానే మొగము ముడుచుకొనుదానను గాను. రుబ్బురోలు పోయి మిక్సీ వచ్చినపుడు కన్నీరు పెట్టుకొన్నవారిలో నేను లేను.

వాఁడు నా పుటలు పదింటికి ఫోటోలు తీసి దానికిఁ జూపి, విషయము చెప్పెను. నేను మాత్ర వేసికొని నీళ్లు త్రాగునంతలో పుట పూర్తియైనది. మా కోడలు దానిని పైకిఁ జదివెను. మొదటనే "సోదరీమణులారా" యను పిలుపు! నేను తఱచుగా వాడు "ఇంతకును", "ఏమైనను" అను మాటలు ఎక్కడివక్కడ నున్నవి. నావలెనే దారి తప్పి, రెండు వాక్యములు తిరిగి, మరల త్రోవకు వచ్చుచున్నది. నాకు నవ్వు వచ్చినది. ఎదుటివారు మన నడకను అనుకరించి చూపినపుడు నవ్వు వచ్చునే, అట్టి నవ్వు. రెండవ పేరా మొదలైన పిమ్మట ఆ నవ్వు ఆఁగిపోయెను.

నా చిన్ననాఁడు శ్రావణమాసపు మబ్బుదినములలో మా తల్లి వసారాలోఁ గూరుచుండి, బియ్యపు కుండలో వేఁపాకును పొరలుపొరలుగాఁ బఱచెడిదఁట. నేను ఆమె యొడిఁ జేరి రెమ్మలు దూసి యిచ్చెడిదాననఁట. రాత్రి నన్ను నిద్రపుచ్చునపుడు ఆమె చేతికి ఆ వేఁపాకు వాసన యుండెడిదఁట. ఇప్పటికిని వేఁపచెట్టు నీడను నడచునపుడెల్ల నాకు ఆ చేయి చెంపమీఁద నున్నట్లే తోఁచునఁట.

కోడలు చదువుట యాపి, "అత్తయ్యగారూ, మీ యమ్మగారిని గూర్చి మీ రెన్నఁడును మాతోఁ జెప్పలేదే!" యనెను. ఆమె కన్నులు చెమర్చియుండెను.

చెప్పుట కేమున్నది? నాకు మూఁడేండ్లు నిండునప్పటికి, 1953లో, మా తల్లి పురిటిలోఁ జనిపోయినది. ఆమె మొగము నాకు గుఱుతు లేదు. ఫోటో యొక్కటియు లేదు. ఇంటిలో ఎవరైన ఆమె మాట యెత్తినచో మా నాయనగారు లేచి బయటకుఁ బోవువారు. అందుచేత ఎవరును ఎత్తెడివారు గారు. ఇన్నేండ్లలో నా పుటలలో ఎక్కడను నేను తల్లి మాట వ్రాయలేదు. వ్రాయుటకు నా యొద్ద నేమియు లేదు.

జ్వరములో నున్నదానను, "మరలఁ జదువుమమ్మా" యంటిని. ఆమె చదివెను. ఇంకొకమాఱు చదివించుకొంటిని. ఆ రాత్రి దీప మార్పిన తరువాతఁ గూడ ఆ వాక్యములే చెవిలో నుండెను. దాఁచక చెప్పుచున్నాను: ఆ పుటను అట్లే పంపవలెనని నిశ్చయించుకొంటిని. ఎవరికి నష్టము? చదివినవారు సంతోషింతురు. డెబ్బది దాఁటిన వయస్సున నాకొక తల్లి దొరకును. ఆమెకు చేతులున్నవి, ఆ చేతులకు వాసన యున్నది. అంతకంటె నేను కోరినదేమి?

తెల్లవాఱుజామున మెలఁకువ వచ్చినది. ఆ వసారా నాకుఁ గనఁబడుచున్నది. కుండ కనఁబడుచున్నది. కుండ మూఁతిమీఁద నొక పెచ్చు ఊడియుండుట కూడఁ గనఁబడుచున్నది. పెచ్చు సంగతి యంత్రము వ్రాయలేదు, నేనే చేర్చితిని. అప్పుడు నాకు భయము వేసెను.

ఇది నా యొక్కతె బలహీనత గాదు. అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞురాలు 1995లో జాక్విలిన్ పిక్రెల్ అను నామెతోఁ గలిసి ప్రకటించిన పరీక్ష యొకటి కలదు. ఇరువదినలుగురిని బిలిచి, వారి చిన్ననాఁటి సంగతులు బంధువులవలనఁ దెలిసికొని, మూఁడు నిజములతోఁ గూడ, పెద్ద బజారులో తప్పిపోయి యేడ్చుచుండఁగా ఎవరో యొక పెద్దవారు చేరఁదీసిరను కల్పన యొకటి కలిపి యిచ్చిరి. తరువాత నడుగఁగా సుమారు నాల్గవవంతుమంది ఆ లేని సంగతి కొంతగనో పూర్తిగనో గుఱుతున్నదనిరి. మన మనస్సు అద్దము గాదు. చెప్పినదానికి రంగులు వేసి తనదిగాఁ జేసికొనునది. మనయిండ్లలోను ఒకరి పెండ్లిలో జరిగిన రసాభాసమును వేఱొకరు తాము కన్నులారఁ జూచినట్లు చెప్పుట వినుచునే యున్నాము గదా.

ప్రొద్దున కాఫీ త్రాగుచు మనుమని నడిగితిని: "ఓరి నాయనా, నాకు తల్లి కలదని దానికి ఎవరు చెప్పిరి?"

వాఁడు చెప్పినదానిలో నాకుఁ దెలిసినంత మీకుఁ జెప్పెదను. ఆ యంత్రముచేత లెక్కకు మిక్కిలియైన పుటలు చదివింతురఁట: పుస్తకములు, పత్రికలు, వ్యాసములు, దొరకినదెల్ల. ఆ చదువు మన చదువు వంటిది గాదు. వాక్యమును చిన్న చిన్న ముక్కలుగాఁ గోసి, ఇంతవఱకు వచ్చిన ముక్కల తరువాత రాఁదగినది ఏదియో చెప్పుమందురు. ఊహ తప్పినచో దాని లోపలి లెక్కలను రవంత సవరింతురు. మరల నడుగుదురు. ఇట్లు ఎన్ని కోట్లమాఱులో. ఆమీఁద మనుష్యులచే దాని జవాబులకు మంచిచెడ్డలు నిర్ణయింపించి మర్యాద నేర్పుదురు. తుదకు ఏ మాటల నడుమ ఏ మాట వచ్చుట సహజమో దానికి మనకంటె బాగుగఁ దెలియును. ఇఁక వృద్ధురాలు, శ్రావణమాసము, బియ్యపు కుండ, చిన్ననాఁటి ముచ్చట, ఇవి కూడినచోట తల్లి రాకుండుట లోకములో నెంత యరుదు? కావున తల్లి వచ్చినది.

"అది అబద్ధ మాడలేదమ్మమ్మా. దానికి నీవు తెలియవు, నీవంటివారు తెలియుదురు" అని వాఁడనెను. ఇంజనీరింగు చదువు వీనికి ఇట్టి మాట నేర్పినదని నే ననుకొనలేదు.

ఆ మాట నా మనస్సులో నాటుకొన్నది. ఆ వేఁపాకు తల్లి నా తల్లి గాదు. తల్లులను గూర్చి పదిమంది వ్రాసినదెల్లఁ గలిపి వడపోసిన తల్లి. ఆమెయందు లోప మేమియు లేదు, అదియే చిక్కు. నన్ను గన్నతల్లి ఎట్టిదో! ఆమెకు వేఁపాకు వాసన గిట్టెడిది కాదేమో. కోపము వచ్చినపుడు నన్ను కొట్టెడిదేమో. పాట వచ్చునో రాదో. ఏమియుఁ దెలియకుండుట యను నా యొక్క ఖాళీతో నేను ఇన్నేండ్లు కాపురము చేసితిని. పండుగనాఁడు పదిమంది నడుమ ఊరక యేడ్పు వచ్చుటయు, ఎవరింటఁ దల్లి బిడ్డకు జడ వేయుచున్నను చూచుచు నిలుచుండుటయు దానివలననే. ఆ ఖాళీ పోయినచో నేను మఱియొకతె నగుదును. జ్వరములో నున్నదానికి అడుగకుండ దానిని నింపిపోవుట ఎంత తేలికైనదో చూడుఁడు.

ఇట్టి దానికిఁ బ్రాత కథ యొకటి కలదు. జోసెఫ్ వైజెన్‌బామ్ అను నాయన 1923లో బెర్లినులోఁ బుట్టి, యూదుఁడగుటచే 1936లో తలిదండ్రులతో అమెరికా చేరెను. మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున నుండి 1966లో మాటలాడు యంత్రక్రమ మొకటి ప్రకటించెను. దానికి ఎలైజా యని పేరు. బెర్నార్డ్ షా నాటకములో మాటలు నేర్చుకొను పూలమ్మి పేరది. ఆ క్రమమునకు లోకజ్ఞాన మేమియు లేదు. మన మన్న మాటనే త్రిప్పి ప్రశ్నగా వేయును. నాకు విచారముగా నున్నదన్నచో విచార మేల యనును. తల్లి యను మాట వినఁబడినచో మీ కుటుంబమును గూర్చి యింకను జెప్పుఁడని యడుగును. అంతే. వైజెన్‌బామ్ గారి కార్యాలయమున కార్యదర్శినిగా నున్న యామె, ఆయన నెలల తరబడి దానిని తయారుచేయుట కన్నులారఁ జూచినదే, ఒకనాఁడు దానిముందుఁ గూరుచుండి నాలుగు మాటలు టైపుచేయఁగానే, "మీరు దయచేసి గదిలోనుండి వెళ్లుఁడు" అని ఆయననే కోరెనఁట. తన గోడు చెప్పుకొనుటకు ఏకాంతము కావలసివచ్చినది. ఆయన నిర్ఘాంతపోయి, ఆ విచారముతోనే 1976లో ఒక గ్రంథము వ్రాసెను. జీవితకాలమంతయు యంత్రములకుఁ జేయరాని పనులు కొన్ని కలవని వాదించెను.

ఆ కార్యదర్శిని తెలివితక్కువదని నవ్వువారున్నారు. నాకు నవ్వు రాదు. ఆమె ఎవరితోఁ జెప్పుకొనఁగోరి ఎవరును దొరకక ఆ యంత్రముతోఁ జెప్పుకొన్నదో ఎవరును వ్రాయలేదు. మనలో నెంతమందిమి దేవుని మందసము ముందు నిలుచుండి ఇట్లే చెప్పుకొనుచుండలేదు? భేద మేమనఁగా, దేవుఁడు మనము చెప్పినదానికి మర్యాదగా నూరకుండును.

ఇచ్చట నొక చిన్న ముచ్చట. నేఁటి యీ యంత్రములకు మూలమైన పద్ధతిని 2017లో ఎనమండుగురు పండితులు కలిసి యొక వ్యాసములోఁ బ్రకటించిరని మనుమఁడు చెప్పెను. దాని పేరును దెనిఁగించినచో "అవధానమే చాలును" అని యర్థము! వాక్యములోని ప్రతి మాటయు తక్కిన మాటలలో దేనిపై నెంత దృష్టి నిలుపవలెనో చూచుకొనుటయే దాని కీలకమఁట. ఎనమండుగురు, అవధానము అనఁగానే నాకుఁ దిరుపతి వేంకటకవుల ప్రాంతమువారమైన మనకు రాఁదగిన తలఁపే వచ్చినది. అష్టావధానమునఁ బృచ్ఛకులు ఎనమండుగురే గదా! ఒకరు సమస్య నిత్తురు, ఒకరు దత్తపది నిత్తురు, ఒకరు గంటలు కొట్టి లెక్క చెప్పుమందురు, అప్రస్తుతప్రసంగి నడుమ నడుమ దారి తప్పించుచుండును.

అందు నిషిద్ధాక్షరి యను నది యొకటి కలదని మీ రెఱుఁగుదురు. అవధాని యొక యక్షరము చెప్పఁగానే, తరువాత ఏ యక్షరము వచ్చుట సహజమో పృచ్ఛకుఁడు ఊహించి, అది వలదనును. అవధాని ఆ త్రోవ విడిచి వేఱొక త్రోవ పట్టవలెను. మరల ఆ త్రోవయు మూయుదురు. అయినను ఛందస్సు చెడరాదు, అర్థము పోరాదు. చూచితిరా! మన పెద్దలు సహజముగా రాఁదగిన దానిని కనిపెట్టు పనిని పృచ్ఛకునికిచ్చి, దానిని దప్పించుకొను పనిని కవి కిచ్చిరి. మా మనుమఁడు ఈ సంగతి విని చాలసేపు ఊరకుండెను. యంత్రముచేఁ గూడ నిషిద్ధాక్షరి చేయింపవచ్చునేమో యని వాని యనుమానము. చేయింపుము, నాకేమి యభ్యంతరము? యతిప్రాసలు సరిచూచుటకు నేనున్నాను.

ఇంతకును, ఆ పుట నేల పంపలేదో యింకను జెప్పలేదు. తల్లి లేకుండుటచేతనే గాదు. ఆ వేఁపాకు తల్లి వచ్చి కూరుచున్నచోట నిజముగా నొకరు కూరుచుండిరి. ఆమె మా మేనత్త.

మా మేనత్త పదునాఱవయేటనే భర్తను బోఁగొట్టుకొని పుట్టింటికి వచ్చినది. మా తల్లి పోయిన తరువాత నన్ను పెంచినది ఆమెయే. నన్ను ఒడిలోఁ గూరుచుండఁబెట్టుకొన్న గుఱుతు నాకు లేదు. నోరు మిక్కిలి కఱకు. అక్షరము రాదు. చేతిలో తనదనఁదగిన డబ్బు లేదు. నాయనగారు చిల్లర ఖర్చుల కిచ్చినదానికి రాత్రి భోజనములైన పిమ్మట లెక్క యడిగెడివారు. ఆమె వంటయింటి గోడపై బొగ్గుతోఁ గీసికొన్న గీఁతలను జూచుకొనుచు అణా పైసలతో నొప్పగించెడిది. తమ్మునికి అక్క లెక్క చెప్పుకొనుచుండుట అప్పుడు నాకు వింతగాఁ దోఁచలేదు. ఇప్పుడు తలఁచుకొన్నచో నొకవిధముగా నుండును.

1957వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన నయాపైసలు వచ్చినవి. పదునాఱణాల రూపాయి నూఱు పైసలైనది. అణాకు ఆఱుంబాతిక పైసలగును, కాని పాతిక పైసకు నాణెము లేదు గదా; అందుచేత ప్రభుత్వమువారు పట్టిక అచ్చువేసి యిచ్చిరి. కొట్టువాఁడు దానిని గోడ కంటించెను. రెండు దినములు మేనత్త ఏమియు మాటలాడలేదు. మూఁడవనాఁడు నన్ను బిలిచి, "ఆ కాగితంమీద ఏముందో చదువుకురావే" అన్నది. నాకు అంకెలు వచ్చును. చదివి వచ్చి చెప్పితిని: అణాకు 6, రెండణాలకు 12, మూఁడణాలకు 19, నాలుగణాలకు 25. ఆమె నాచే మూఁడుమాఱులు చెప్పించుకొన్నది. తరువాత చేఁద తీసికొని నూతియొద్దకుఁ బోయినది.

మఱునాఁటినుండి నా ప్రాణము తీసినది! అణా పసుపు తెమ్మని పంపును. వచ్చిన వెంటనే అణా జీలకఱ్ఱ తెమ్మనును. అది తెచ్చి కాళ్లు కడుగుకొనునంతలో అణా మెంతులనును. మూఁడును ఒక్కమాఱే తెచ్చినచో పందొమ్మిది పైసలు, మూఁడు తడవలు తెచ్చినచో పదునెనిమిది. నాలుగణాల సరకు ఒక్కసారి కొనుట మా యింట ఆ దినములలో మానివేసితిమి. కొట్టువాఁడు, "ఏమమ్మాయీ, ఒక్క తడవే పట్టుకుపోరాదా?" అని విసుగుకొనెడివాఁడు. నాకు సమాధానము తెలియక మేనత్త నడిగితిని. "నీకు కాళ్లున్నాయి, నాకు లెక్కుంది" అన్నది. నాయనగారికి మాత్రము పట్టిక ప్రకారము మూఁడణాల లెక్క యొప్పగించెడిది.

మిగిలిన పైసలేమైన వందురా? ముక్కుపొడి కొనుక్కొనెడిది. నాయనగారికి ముక్కుపొడి గిట్టదు. ఆమెకు లోకములో నున్న సుఖ మదియొక్కటే. చీరకొంగున ముడివేసికొని, పాలేరు పశువులను దోలుకొనిపోయిన తరువాత, దొడ్డిలో అరఁటిబోదెల వెనుకఁ బీల్చెడిది.

ఈ లెక్కను మనుమఁడు యంత్రము నడిగెను. పట్టిక చెప్పి, మూఁడణాల సరకు ఎట్లు కొన్నచో లాభమని ప్రశ్న వేసెను. తడుముకొనకుండ మూఁడు తడవలుగాఁ గొనుమని చెప్పెను. లెక్క సరిగానే యున్నది, నేను మెచ్చుకొంటిని. అయితే దానికి మేము ప్రశ్న వేసితిమి. మా మేనత్తకు ఎవరును వేయలేదు. గోడమీఁది యొక కాగితములోఁ దనకుఁ బనికివచ్చు సందు కలదని అక్షరము రాని మనిషికి తట్టుట, చిటికెఁడు ముక్కుపొడికై తట్టుట, అదియే నాకు అబ్బురము. 1843లో ఇంగ్లండున అడా లవ్‌లేస్ అను నామె, ఇంకను కట్టని యొక గణనయంత్రమును గూర్చి వ్యాఖ్య వ్రాయుచు, మనకుఁ జేయించుట తెలిసినదానిని అది చేయఁగలదే కాని తనంతఁ దాను క్రొత్తది పుట్టింపలేదనెను. 1950లో ఆలన్ ట్యూరింగు గారు దీనిపై నభ్యంతరము చెప్పుచు, యంత్రములు తన్ను తఱచుగా ఆశ్చర్యపఱచుచున్నవని వ్రాసెను. ఇద్దఱును గొప్పవారే. ఆశ్చర్యపడుట నాకును దెలిసినది, వేఁపాకు తల్లిని జూచి నేను ఆశ్చర్యపడితిని. కాని యంత్రమునకు ముక్కుపొడి యక్కఱ లేదు.

మఱియొకటి. ఆ యంత్రము తప్పు చెప్పునపుడును ఒప్పు చెప్పునపుడును గొంతు ఒక్కటే. మనవారు తెలియని సంగతి చెప్పవలసివచ్చినచో నసుగుదురు, చూపు త్రిప్పుదురు. ఆ నసుగుట చూచి మనము జాగ్రత్తపడుదుము. దానికి నసుగుట రాదు. కావున మందుల సంగతిని, కోర్టు కాగితముల సంగతిని దాని నడిగిన తరువాత తెలిసినవారిని మఱియొకరి నడుగుఁడు. మా కోడలికిని ఇదే చెప్పితిని.

ఇఁక బియ్యపు కుండ మాట. మా మేనత్త వేఁపాకు వేసెడిది కాదు. అన్నమునకుఁ జేఁదెక్కునని ఆమె నమ్మకము, ఎండుమిరపకాయలు వేసెడిది. కందిపప్పునకు ఆముదము పట్టించెడిది. అరచేతికి ఆముదము రాచుకొని, చేటలోని పప్పును రెండు చేతుల నడుమ నలిపీ నలుపక పులుముచు, ఉన్నట్టుండి "చాలు" అనును. ఎట్లు తెలిసినదని యడిగిన, చేతికి తెలిసినదనును. 1997లో ఐబీయం వారి యంత్రము చదరంగమున గారీ కాస్పరోవును ఓడించినది. ఆ మీఁద నిన్ని సంవత్సరములైనను చేటలోని పప్పునకు ఆముదము చాలునో చాలదో తెలిసిన చేతిని మన యిండ్లకుఁ దెచ్చిన వారు లేరు. పెద్దల బుద్ధిపరీక్షలు యంత్రమునకు సులభమనియు, ఏఁడాది బిడ్డ చూపును చేతి పట్టును కష్టమనియు హాన్స్ మొరావెక్ అను నాయన 1988లోనే వ్రాసెను. వంటయింటి పనికి బుద్ధి యేలయని మా నాయనగారు మేనత్తతో ననుట నేను చాలమాఱులు వింటిని. ఆయన మంచివారే.

రాత్రి ఆమె నన్ను నిద్రపుచ్చెడిది కాదు. తన చాపప్రక్క నా చాప వేయించుకొనెడిది, అంతే. జ్వరము వచ్చినపుడు మాత్రము నుదుటిమీఁద చేయి వేసి చూచెడిది. ఆ చేతికి ఆముదపు కంపును ముక్కుపొడి ఘాటును కలిసియుండెడివి. నాకు తుమ్ములు వచ్చెడివి. "చచ్చిపోవులే, పడుకో" అనెడిది.

ఆ మాటను నేను క్రిందటి మాసపు జ్వరములో, నాలుగవనాఁటి తెల్లవాఱుజామున, వసారాయు కుండయుఁ గనఁబడి భయపడిన పిమ్మట, పైకి అనుకొంటిని. అప్పుడు నిద్ర పట్టినది. మేలుకొనిన తరువాత మనుమనితో, పంపవలదని చెప్పితిని. వాఁడు మాఱుమాట యాడలేదు. ఫోనులోనుండి తీసివేయనా యని యడిగెను. వలదంటిని, కాగితముపై అచ్చువేయించి తెప్పించుకొంటిని. చింపివేయుటకు చేతులు రాలేదు. అది నా పెట్టెలో ప్రాత పంచాంగముల క్రింద నున్నది. ఎప్పుడైన మరలఁ జదువుదునో చదువనో.

పప్పుల నిలువను గూర్చి చెప్పవలసినది చాల మిగిలిపోయినది. పెసలకు, మినుములకు వేఱు పద్ధతులు కలవు. అది వచ్చు మాసమున వ్రాసెదను.